ఆ మలుపులో థాయ్ వంటిల్లు

ఉదయం తొమ్మిదవుతోంది. లాస్‌ఏంజెలెస్‌లో ఓ వీధి మలుపు. ఒకపక్క లాండ్రీ, ఇంకోపక్క డోనట్ల కొట్టు. మధ్యలో పన్నెండు బల్లలకు మించి పట్టని ఓ చిన్న హోటల్. అద్దాల తలుపుకి 'మూసి ఉంది' అన్న బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది. కానీ వెనక తలుపు తీసి అప్పటికే గంట దాటింది. లోపల్నుంచి దంపుడు చప్పుడు. ధన్... ధన్... ధన్... దూరం నుంచి వింటే మన పల్లెల్లో ఎవరో రోట్లో పచ్చడి నూరుతున్నారనుకుంటాం. దగ్గరికెళితే వాసన మాత్రం వేరు. నిమ్మగడ్డి, ఎండుమిర్చి, వెల్లుల్లి, వాటన్నిటినీ మించి ముక్కుపుటాలదరగొట్టే రొయ్యల ముద్ద!

అదో థాయ్ హోటల్. దాని పేరు ఏదైనా కావచ్చు. అమెరికాలో ఏ ఊరికెళ్లినా ఇలాంటిది ఒకటి తగులుతుంది. 2023లో ప్యూ పరిశోధన సంస్థ లెక్క తీస్తే ఆ దేశంలోని ఆసియా హోటళ్లలో 11 శాతం థాయ్‌లాండ్ వంటలవేనని తేలింది. విచిత్రమేంటంటే, అక్కడున్న ఆసియా సంతతివాళ్లలో థాయ్‌లు నూటికి ఇద్దరు కూడా ఉండరు. అంటే ఆ హోటళ్లు నడుస్తున్నది సొంత జనం మీద కాదు. పక్కింటి అమెరికన్, ఎదురింటి మెక్సికన్, సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ పార్సిల్ పట్టుకెళ్లే మన తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు... వీళ్లే పోషకులు. మరి ఆ వంటింట్లో రోజు ఎలా తెల్లారుతుంది, ఎలా ముగుస్తుంది? పదిహేను డాలర్లకి ఒక గిన్నెడు కూర మన ముందుకొచ్చేలోపు ఎన్ని చేతులు మారుతుంది?

ముందు రోలు... తర్వాతే పొయ్యి

పొద్దున్నే వచ్చే మొదటి మనిషి సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలే. థాయ్ భాషలో వంటావిడని 'మే ఖ్రువా' అంటారు. అంటే వంటింటి అమ్మ అని. రాగానే గల్లాపెట్టె దగ్గరున్న చిన్న బొమ్మ ముందు అగరుబత్తి వెలిగిస్తుంది. ఆ బొమ్మ పేరు నాంగ్ క్వాక్. మోకాళ్ల మీద కూర్చుని, కుడి చెయ్యెత్తి 'రండి రండి' అన్నట్టు పిలుస్తుంటుంది. మన కొట్లలో లక్ష్మీదేవి పటం ఎలాగో వాళ్లకు ఆమె అలాగ. బేరాలు తెచ్చే తల్లి.

ఆ తర్వాత ఇక క్షణం తీరికుండదు. ముందు రోజు రాత్రి నానేసిన జిగురు బియ్యం నీళ్లు వంచి ఆవిరికి పెట్టాలి. అది మామూలు అన్నంలా ఎసట్లో ఉడికేది కాదు, ఇడ్లీలా ఆవిరి మీదే ఉడకాలి. పక్కన మల్లెల వాసనొచ్చే బియ్యం వేరే. 50 పౌండ్ల బస్తాల్లో వస్తుంది, అంటే దాదాపు 23 కిలోలు. ఇంకో పొయ్యి మీద చింతపండు పులుసు, తాటిబెల్లం, చేపల రసం కలిపి కాస్తుంటారు. పాడ్ థాయ్ అనే నూడుల్స్ వంటకానికి ప్రాణం ఆ పులుసే. దాని పాకం కుదిరిందా, ఆ రోజుకి సగం దిగులు తీరినట్టే.

అసలు పని కూరముద్దలది. ఎర్ర కూరకి ఎండుమిరపకాయలు, ఆకుపచ్చ కూరకి పచ్చిమిరపకాయలు. వాటితో నిమ్మగడ్డి, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, ధనియాలు, జీలకర్ర, కొత్తిమీర వేళ్లు. అల్లంలా కనిపించే గలంగల్ దుంప కూడా పడాల్సిందే. మన ఆయుర్వేదం కొట్లలో దుంపరాష్ట్రం అని దొరికేది దాని బాపతే. అన్నీ ఒకేసారి పడేస్తే కుదరదు. గట్టివి, పీచువి ముందు. తడివి తర్వాత. రొయ్యల ముద్ద అన్నిటికన్నా ఆఖర్న. డబ్బాల్లో వచ్చే ముద్ద వాడితే గంటన్నర పని మిగులుతుంది. చాలామంది వాడతారు కూడా. కొందరు డబ్బా ముద్దకే ఇంట్లో నూరింది కొంచెం కలిపి వాసన నిలబెడతారు. మరికొందరు 'చేతులు పనిచేస్తున్నంత కాలం రోలే' అని భీష్మించుకుంటారు. అక్కడే ఒక హోటల్‌కీ ఇంకో హోటల్‌కీ తేడా తెలిసిపోయేది.

కూర వండడమూ మనకు కొత్తేం కాదు. చిక్కటి కొబ్బరిపాలు మూకుట్లో పోసి నూనె తేలేదాకా మరిగించి, అందులో ఈ ముద్ద వేసి వేయిస్తారు. 'నూనె పైకి తేలాలి' అన్న మాట మన అమ్మమ్మల నోట వినలేదూ... అదే!

నిమ్మాకు కోసం నానాపాట్లు

ఇవాళంటే ఈ సరకులన్నీ ఫోను చేస్తే వ్యానులో దిగుతున్నాయి. మొదట వచ్చినవాళ్లకి ఆ భాగ్యం లేదు. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికా సైనికులు వేల సంఖ్యలో థాయ్‌లాండ్‌లో ఉన్నారు. అక్కడి వంటల రుచి అమెరికన్లకి కొంత అలా తెలిసింది. 1965లో అమెరికా వలస చట్టం మారాక చదువులకని, ఉద్యోగాలకని థాయ్‌లు లాస్‌ఏంజెలెస్ దారి పట్టారు. చదువుకోడానికొచ్చిన కుర్రాళ్లు ఫీజుల కోసం హోటళ్లలో గిన్నెలు కడిగారు. కొందరు ఆ వంటింట్లోంచి బయటికి రాలేదు, సొంత వంటిల్లే తెరిచారు. ఈ చరిత్రంతా మార్క్ పడూంగ్‌పట్ అనే ఆచార్యుడు 2017లో పుస్తకంగా తెచ్చారు.

తెరిచారు సరే, సరకులేవీ? గలంగల్ లేక అల్లం వేశారు. కొత్తిమీర దొరికినా వేళ్లు కోసేసిన కట్టలే. కొబ్బరిపాలు దొరకనివాళ్లు మామూలు పాలతో నెట్టుకొచ్చారు. 1970ల ఆరంభంలో తూర్పు హాలీవుడ్‌లో బ్యాంకాక్ మార్కెట్ అనే కొట్టు వెలిసింది. అమెరికాలో మొదటి థాయ్ కిరాణా దుకాణంగా దానికి పేరు. డబ్బాల కొబ్బరిపాలు, చేపల రసం సీసాలు, కూరముద్దలు అక్కడికొచ్చాక చుట్టుపక్కల హోటళ్లు ఒక్కొక్కటే పుట్టుకొచ్చాయి. ఆ కొట్టు పెట్టిన కుటుంబంలోని అబ్బాయే తర్వాత టీవీ వంటల్లో పేరు తెచ్చుకున్న జెట్ తిలా. దాదాపు యాభై ఏళ్లు నడిచి 2019లో ఆ కొట్టు మూతపడింది.

డబ్బాల్లో రానిది మాత్రం ఒకటుంది. మక్రూట్ నిమ్మాకు. ఒకే కాడకి రెండాకులు అతికించినట్టుంటాయి. నలిపితే గదంతా గుబాళిస్తుంది. నిమ్మజాతి చెట్లకు తెగుళ్లొస్తాయన్న భయంతో పచ్చి ఆకుల్ని బయటి దేశాల నుంచి రానివ్వరు. దాంతో అక్కడే చెట్లు పెంచుకున్నారు. ఇప్పటికీ ఎన్నో హోటళ్ల వెనక, ఇళ్ల పెరళ్లలో ఆ చెట్టు కనిపిస్తుంది. మనవాళ్లు అమెరికా పెరట్లో కరివేపాకు మొక్కని కంటికి రెప్పలా చూసుకోవడం లేదూ... సరిగ్గా అలాగే!

తూర్పు హాలీవుడ్‌లోని ఆ ప్రాంతాన్ని 1999లో నగర పాలకమండలి అధికారికంగా 'థాయ్ టౌన్' అని ప్రకటించింది. అమెరికాలో ఆ పేరు దక్కిన మొదటి పేట అదే.

పన్నెండయిందా... పరుగే!

బోర్డు 'తెరిచి ఉంది' వైపు తిరుగుతుంది. పదకొండున్నర దాకా అటొకరు ఇటొకరు. పన్నెండు కొట్టేసరికి చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒక్కసారే ఆకలేసినట్టు వచ్చిపడతాయి. ఫోను మోగుతూనే ఉంటుంది. ఆర్డర్ల యంత్రం కిర్రుమంటూ చీటీలు కక్కుతుంది. వంటింట్లో మూడు బాణళ్లు ఒకేసారి మంటల మీద ఎగురుతుంటాయి. ఆ మంట మామూలు గ్యాసు పొయ్యి మంట కాదు, నిలబడ్డ మనిషి మొహం మాడ్చేసే మంట. ఒక పళ్లెం నూడుల్స్‌కి రెండు మూడు నిమిషాలు. బాణలిలో సరకు ఎక్కువైతే నూడుల్స్ వేగవు, ఉడికి ముద్దయిపోతాయి. అందుకే పది పాడ్ థాయ్‌లు ఒకేసారి చెప్పినా వండేది ఒకటి రెండుగానే.

లోపల పిలుపులు వింటే ఏదో ఉమ్మడి కుటుంబం అనిపిస్తుంది. పెద్దవాళ్లయితే 'పీ', చిన్నవాళ్లయితే 'నోంగ్'. మన అక్కా, అన్నా, తమ్ముడూ లాంటి పిలుపులన్నమాట. గిన్నెలు కడిగే మెక్సికన్ కుర్రాడు కూడా ఆరు నెలల్లో 'పీ' అని పిలవడం నేర్చుకుంటాడు. వాళ్లు అతని దగ్గర కాసిని స్పానిష్ ముక్కలు నేర్చుకుంటారు. మధ్యలో ఇంగ్లిష్ ఎటూ ఉంది.

బయట బల్లల దగ్గర వేరే పరీక్ష. 'కారం ఎంత కావాలి... ఒకటా, అయిదా?' అన్నది మొదటి ప్రశ్న. ఎవరో కుర్రాడు స్నేహితుల ముందు రొమ్ము విరుచుకుని 'థాయ్‌లు తినేంత' అంటాడు. వడ్డించే అమ్మాయి ఒక్క క్షణం అతని మొహంలోకి చూస్తుంది. చీటీ మీద రాసేది మాత్రం మూడు! ఎందుకంటే ఆ చిన్న మిరపకాయల సంగతి ఆమెకు తెలుసు. వాటిని థాయ్‌లో 'ప్రిక్ ఖీ ను' అంటారు. ఎలుక పెంటికంత మిరప అని అర్థం. ఆకారం అంతే, ప్రతాపం మాత్రం గుంటూరు వాళ్లకూ కళ్లనీళ్లు తెప్పించేంత. అడిగినంతా వేసేస్తే తినలేక పళ్లెం వెనక్కి పంపుతారు. నష్టం కొట్టుకి. వెయ్యకపోతే 'ఇది అసలు థాయ్ వంటేనా' అంటారు. ఆ మధ్యలో తీగ మీద నడవాలి.

ఇంకొకరు పుల్లలు అడుగుతారు. నిజానికి థాయ్‌లు అన్నం తినేది చెంచాతో, ఫోర్కుతో. పుల్లలు పట్టేది గిన్నెలో ఇచ్చే నూడుల్స్‌కే. అయినా 'మా దేశంలో అలా తినరండీ' అని పాఠం చెప్పరు. నవ్వుతూ పుల్లలు తెచ్చి పెడతారు.

పల్లీలు పడనివాళ్లొచ్చినప్పుడు మాత్రం నవ్వులుండవు. చీటీ మీద ఎర్ర గీత. బాణలి మళ్లీ కడగాలి, గరిటె మార్చాలి. పొరపాటు జరిగితే ప్రాణం మీదికొస్తుంది. ఇక మన శాకాహారులు వెళ్తే అదో కథ. 'మాంసం వద్దు' అంటే సరిపోదు. కూరముద్దలో రొయ్యలుంటాయి, పులుసులో చేపల రసం ఉంటుంది. అందుకే తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల కొన్ని హోటళ్లు శాకాహారుల కోసం ముద్ద విడిగా చేసి పెట్టుకుంటాయి. చేపల రసం బదులు సోయా రసం, ఉప్పు. అడిగేదాకా ఆగకుండా ఆ సంగతి ముందే చెప్పే హోటల్‌కి మనవాళ్లు కుటుంబాలతో సహా వెళ్తారు.

రెండు మెనూలు

చాలా థాయ్ హోటళ్లలో కంటికి కనపడని మెనూ ఇంకొకటుంటుంది. బయటివాళ్లకి పాడ్ థాయ్, ఆకుపచ్చ కూర, టామ్ యమ్ పులుసు, మామిడిపండుతో జిగురన్నం. లోపలివాళ్లు తినేది వేరు. చేదు కాకర, పులిసిన చేప, నాలుక మండించే దక్షిణాది కూరలు.

పాడ్ థాయ్ పెద్ద పాత వంటేమీ కాదు. సయాం పేరు 1939లో థాయ్‌లాండ్‌గా మారింది. అప్పటి ప్రధాని పిబున్ సోంగ్‌ఖ్రామ్ 1940లలో దేశమంతా నూడుల్స్ తినమని ప్రచారం చేయించాడు. చైనా పద్ధతి నూడుల్స్‌కి చింతపండు, బెల్లం కలిసి జాతీయ వంటకం అయి కూర్చున్నది ఆ ఊపులోనే. ఆ తర్వాత 2002లో థాయ్ ప్రభుత్వం ఇంకో అడుగేసింది. 'గ్లోబల్ థాయ్' పేరుతో ప్రపంచమంతా థాయ్ హోటళ్లు పెంచాలని పథకం పెట్టింది. వంటవాళ్లకు శిక్షణ, పెట్టుబడికి అప్పులు, బాగా వండేవాళ్లకు 'థాయ్ సెలెక్ట్' ముద్ర. భోజనం పెట్టి దేశానికి పేరు తెచ్చుకునే ఈ ఎత్తుగడని విదేశీ పత్రికలు 'వంట దౌత్యం' అన్నాయి. 2024 డిసెంబరులో రొయ్యల టామ్ యమ్‌కి యునెస్కో వారసత్వ జాబితాలో చోటు కూడా దక్కింది.

రెండో మెనూని ధైర్యంగా బయటపెట్టినవాళ్లూ ఉన్నారు. లాస్‌ఏంజెలెస్‌లో జిత్లాడా అనే పాత హోటల్‌ని 2006లో ఓ అన్నాచెల్లెళ్ల జంట తీసుకుంది. తోబుట్టువులు జాజ్ సింగ్‌సనోంగ్, తుయి సుంగకామీ. ఇద్దరిదీ దక్షిణ థాయ్‌లాండ్. తమ ఊరి వంటలు మెనూ వెనకాల థాయ్ లిపిలో మాత్రమే రాసుకున్నారు. భాష తెలిసిన ఓ భోజనప్రియుడు వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చాడు. పులిట్జర్ అందుకున్న ఆహార విమర్శకుడు జొనాథన్ గోల్డ్ పత్రికలో మెచ్చుకున్నారు. అంతే, 'కారం తగ్గించకండి' అని అడిగేవాళ్లతో హోటల్ నిండిపోయింది. 2017లో తుయి కన్నుమూశాక కూడా జాజ్ ఆ వంటిల్లు ఆపలేదు.

అద్దం మీద 'ఎ' అక్షరం

ఈ హోటళ్ల గుమ్మాల్లో పెద్ద అక్షరం ఒకటి కనిపిస్తుంది. ఎ, బి లేదా సి. 1998 నుంచి లాస్‌ఏంజెలెస్ కౌంటీ పెట్టిన రూలది. తనిఖీ అధికారి ముందు చెప్పకుండా వస్తాడు. నూటికి 90 దాటితే ఎ. 80 దాటితే బి. 70 దాటితే సి. వచ్చిన అక్షరాన్ని అందరికీ కనపడేట్టు అతికించాల్సిందే. బి వచ్చిందంటే కొత్త కస్టమర్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు.

చల్లటివి 5 డిగ్రీల సెల్సియస్ లోపు, వేడివి 57 డిగ్రీల పైన ఉండాలి. చెయ్యి కడుక్కునే తొట్టిలో గిన్నె కనిపిస్తే మార్కులు పోతాయి. పొద్దుట చేసిన కొబ్బరిపాల జిగురన్నాన్ని బల్ల మీదే ఉంచడం ఊళ్లో అలవాటు. ఇక్కడ తప్పు. ఊళ్లో అమ్మ నేర్పిన పద్ధతులు కొన్నిటిని మరిచిపోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. థర్మామీటరు జేబులో, కాగితం గోడ మీద. ప్రతి నాలుగు గంటలకీ ఎవరో ఒకరు రాస్తూ ఉండాలి.

పదిహేను డాలర్ల లెక్క

'పార్సిల్ కూరకి పదిహేను డాలర్లా! పోయినేడాది పదమూడే కదా' అని పాత కస్టమరు నొచ్చుకుంటాడు. ఆమె 'సారీ' అంటుంది తప్ప లెక్క చెప్పదు. ఆ లెక్క ఎలా ఉంటుందో ఓ ఉదాహరణ చూద్దాం. హోటల్ వ్యాపారంలో సరకులకి మూడో వంతు దాకా పోతుంది. పదిహేనులో ఓ నాలుగున్నర అనుకోండి. జీతాలకి అయిదు. అద్దె, గ్యాసు, కరెంటు, బీమా, పార్సిల్ డబ్బాలు... ఇంకో నాలుగూ ముప్పావు. ఇక మిగిలేది ముప్పావు డాలరు! నూటికి మూడు నుంచి అయిదు మిగిలితే బాగా నడుస్తున్నట్టే అంటారు ఈ రంగంలో.

ఇప్పుడు అదే కూర సెల్‌ఫోన్ యాప్‌లో అమ్మితే? కమిషను 30 శాతం దాకా ఉంటుంది. అంటే నాలుగున్నర డాలర్లు. ముప్పావు డాలరు మిగిలే చోట నాలుగున్నర పోతే ఏం మిగుల్తుంది? అందుకే 'నేరుగా ఫోను చెయ్యండి' అని పార్సిల్ సంచుల మీద చిన్న చీటీలు అంటిస్తారు. అలాగని యాప్ మానేద్దామంటే ఆర్డర్లు పక్క హోటల్‌కి పోతాయి.

పైగా ఏటా ఏదో ఒకటి పెరుగుతుంది. 2025 జనవరిలో క్యాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16.50 డాలర్లయింది. అదే ఏడాది ఆగస్టులో థాయ్‌లాండ్ సరకుల మీద అమెరికా 19 శాతం సుంకం వేసింది. బియ్యం, కొబ్బరిపాలు, చేపల రసం అన్నీ అక్కణ్నుంచి రావాల్సినవే. ఇటాలియన్ హోటల్లో నూడుల్స్ లాంటి పాస్తాకి పాతిక డాలర్లు ఇచ్చేవాళ్లు, థాయ్ నూడుల్స్‌కి పదిహేడంటే ముఖం చిట్లిస్తారు. 'ఆసియా భోజనమంటే చవగ్గా ఉండాలి' అన్న ఆ అలవాటే ఈ హోటళ్లకు అన్నిటికన్నా బరువైన అద్దె.

మరి ఇల్లెలా గడుస్తుంది? జీతం తీసుకోని చేతులతో. భార్య వంట, భర్త సరకులు, గల్లా. వారాంతం వస్తే పిల్లలు బల్లల దగ్గర. ఆ గంటలు ఏ పుస్తకంలోనూ ఎక్కవు.

మూడు నుంచి అయిదు... కాస్త ఊపిరి

మధ్యాహ్నం మూడింటికి జనం పలచబడతారు. అప్పుడు లోపలివాళ్ల భోజనం. అందరూ ఒకే బల్ల చుట్టూ. మెనూలో లేని వంట. మిరపకాయలూ వెల్లుల్లీ దంచి, మాంసంతో పాటు గుప్పెడు తులసాకులు వేసి వేయిస్తారు. దాన్ని అన్నం మీద పెట్టుకుని, పైన అంచులు కరకరలాడే గుడ్డు. అవును, తులసే! మనం కోట కట్టి పూజించే తులసిని వాళ్లు 'కఫ్రావ్' అంటారు, వంటలో వాడతారు.

నాలుగింటికి స్కూలు బస్సు దిగి పిల్లలొస్తారు. మూల బల్ల వాళ్లది. ఒకపక్క హోంవర్కు, ఇంకోపక్క నాప్‌కిన్లు మడవడం. అమ్మకు వచ్చిన ఇంగ్లిష్ ఉత్తరం చదివి చెప్పడం, కరెంటు బిల్లు కట్టడం, ఫోనెత్తి ఆర్డరు రాసుకోవడం... పదేళ్లకే ఆ పిల్లలు మేనేజర్లు. స్నేహితులు సినిమాకెళ్లే శనివారం రాత్రే హోటల్లో బేరం ఎక్కువ. ఒంటికి పట్టిన చేపల రసం వాసన క్లాసులో ఎవరికైనా తెలుస్తుందేమోనని పెర్ఫ్యూమ్ రాసుకుని వెళ్లిన పిల్లలే, పెద్దయ్యాక ఆ వాసన కోసం వెతుక్కుంటారు.

'నువ్వు మాత్రం ఈ పొయ్యి దగ్గరికి రాకు. బాగా చదువుకో' అన్నది అక్కడ ప్రతి తల్లీ చెప్పేదే. పిల్లలు చదువుకుంటారు. ఇంజినీర్లవుతారు, నర్సులవుతారు. తల్లి గెలుస్తుంది. కానీ మోకాళ్లు అరిగి, మణికట్టు పట్టేసి, ఇక రోలు ఎత్తలేని రోజొస్తుంది. అప్పుడా వంటిల్లు ఎవరిది? ఎవరూ లేకపోతే ఓ ఆదివారం తలుపు మీద 'ఇన్నేళ్లూ ఆదరించినందుకు కృతజ్ఞతలు' అన్న కాగితం కనిపిస్తుంది. పాత కస్టమర్లు ఆగి చదువుకుంటారు. ఆ కూరముద్ద కొలత మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

బొమ్మలు వదిలి బాణలి పట్టి...

ఆ కాగితం అంటించకుండా ఆపిన కొడుకు కథ ఒకటుంది. లాస్‌ఏంజెలెస్‌లోని షెర్మన్ ఓక్స్‌లో 'అనజాక్ థాయ్' అనే హోటల్ 1981లో మొదలైంది. పెట్టింది రికీ పిచెట్‌రుంగ్సీ. నలభై ఏళ్ల దాకా ఆ పేటకు తెలిసిన మామూలు థాయ్ హోటలే అది. కొడుకు జస్టిన్ చిత్రకళ చదివి, డిస్నీ సంస్థలో ఆర్ట్ డైరెక్టర్ ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఏ తల్లిదండ్రులైనా కోరుకునే ఉద్యోగం! 2019లో తండ్రికి పక్షవాతం వచ్చింది. జస్టిన్ ఉద్యోగం వదిలేసి వంటింట్లోకొచ్చాడు.

ఏడాది తిరక్కుండానే కరోనా. 2020 మార్చిలో లాస్‌ఏంజెలెస్ హోటళ్లలో కూర్చుని తినడం ఆపేశారు. మే చివర్లో తెరిచారు. జులైలో లోపలి భోజనాలు మళ్లీ బంద్. నవంబరులో ఆరుబయట కూడా బంద్. ఎన్నో హోటళ్లు మూతపడ్డాయి. చిన్న థాయ్ హోటళ్లను కొంత కాపాడింది పాత అలవాటే. పార్సిళ్లు కట్టడం వాళ్లకు కొత్త కాదు. డెలివరీ కమిషన్ల మీద గొడవ ముదిరితే శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాలు 15 శాతానికి మించకూడదని గీత గీశాయి.

జస్టిన్ హోటల్ పక్క సందులో బల్లలు వేశాడు. థాయ్ రుచులతో మెక్సికన్ టాకోలు చేసి మంగళవారాలు అమ్మాడు. సందు నిండింది. 2022లో లాస్‌ఏంజెలెస్ టైమ్స్ పత్రిక 'ఈ ఏటి హోటల్' అని ఎంచింది. 2023లో అమెరికా వంటవాళ్లకు పెద్ద గౌరవమైన జేమ్స్ బియర్డ్ అవార్డు క్యాలిఫోర్నియా విభాగంలో జస్టిన్‌ని వరించింది. అందరికీ ఇలా జరగదు. కానీ ఆ వార్త చదివిన ఎందరో థాయ్ తల్లులు తమ పిల్లల వైపు ఒకసారి కొత్తగా చూసి ఉంటారు. పిల్లలూ ఆ పొయ్యి వైపు ఒకసారి చూసే ఉంటారు.

రాత్రి... దీపాలార్పే వేళ

తొమ్మిదిన్నరకి ఆఖరి ఆర్డరు. పదింటికి కుర్చీలు బల్లలెక్కుతాయి. పొయ్యి చుట్టూ జిడ్డు గోకాలి. నేల మీది రబ్బరు పట్టాలు వెనక సందులోకి లాక్కెళ్లి కడగాలి. గల్లా లెక్క చూడాలి. ఇరవై సార్లు వేడినీళ్లు తగిలిన చేతులతో ఆమె ఆఖరుగా చేసే పని, రేపటి జిగురు బియ్యం కడిగి నానెయ్యడం. రేపు తలుపు తీస్తామన్న నమ్మకానికి అదే గుర్తు.

ఇల్లు చేరేసరికి పదకొండు. అప్పుడు థాయ్‌లాండ్‌లో మర్నాటి మధ్యాహ్నం. ఫోను మోగుతుంది. ఊళ్లో ఉన్న ముసలి తల్లి. బాగున్నావా అని అడగదు. థాయ్‌లు పలకరించుకునేది ఇంకోలా.

'కిన్ ఖావ్ రూ యాంగ్?'

అన్నం తిన్నావా, ఇంకా లేదా అని! పొద్దుట్నుంచీ ఊరందరికీ వడ్డించిన ఆమె అప్పుడు గుర్తు తెచ్చుకుంటుంది... తను ఇంకా తినలేదని.

మనకు దగ్గరి చుట్టాలే!

* థాయ్‌లో హోటల్‌ని 'రాన్ ఆహాన్' అంటారు. రాన్ అంటే కొట్టు. ఆహాన్ అంటే మన ఆహారమే!

* వాళ్ల నమస్కారం 'సవత్‌దీ'. సంస్కృతంలోని 'స్వస్తి' నుంచి వచ్చిన మాట. చేతులు జోడించి చెప్తారు.

* ఏప్రిల్ నడుమ నీళ్లు చల్లుకుంటూ చేసుకునే వాళ్ల కొత్త సంవత్సరం 'సోంగ్‌క్రాన్'. అదే సంక్రాంతి. ఆ రోజు హాలీవుడ్ థాయ్ టౌన్‌లోనూ సందడే.

* పాత రాజధాని అయుత్తయ పేరు అయోధ్య నుంచి వచ్చింది. వాళ్ల రామాయణం 'రామకియన్'.

* నార్త్ హాలీవుడ్ దగ్గరి 'వాట్ థాయ్' బౌద్ధాలయంలో వారాంతాల్లో వంటల దుకాణాలు పెడతారు. గుడికెళ్లి దణ్ణం పెట్టుకుని, ప్రాంగణంలోనే కడుపునిండా తిని రావడం అక్కడివాళ్లకి ఆదివారం అలవాటు.